రెప్ప కింద తాళం

ఉదయగిరి దుర్గం కింద, పొద్దు పొడిచే వేళ కొందరు మనుషులు తిరుపాలు గొర్రెల దొడ్డి మీద పడ్డారు. అడ్డం వచ్చిన తిరుపాలు రెండు కాళ్ళనూ వాళ్ళు గడ్డపారతో విరగ్గొట్టారు. మందనంతా వ్యానులోకి ఎక్కించుకుని పోయారు. తిరుపాలు భార్య చెంచులక్ష్మి బండరాయి చాటున నక్కి, ఆ ఘోరాన్ని ఫోన్‌లో వీడియో తీసింది. తర్వాత మొగుడి కోసం పరుగెత్తుతుంటే ఫోన్ రాళ్ళ మీద పడి అద్దం పగిలింది.

వచ్చినవాళ్ళు మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. చుట్టుకోనివాడు ఒక్కడే, గొర్రెల బేరగాడు కొండలయ్య. ఎన్నో ఏళ్ళుగా ఆ దొడ్డి దగ్గరే కూర్చుని మజ్జిగ తాగి, బేరం చేసి పోయినవాడు. చెంచులక్ష్మి స్టేషన్‌లో అతని పేరు చెప్పింది. కానీ ఆ పొద్దు తాను జలదంకిలో ఉన్నానని కొండలయ్య అప్పటికే మనుషుల చేత చెప్పించాడు. "వీడియో ఉండాదంటివే, అది చూపించమ్మా" అన్నారు పోలీసులు. చూపిద్దామంటే ఫోన్ వెలగడమే కష్టమైంది. వెలిగినా, వేలితో ఎంత తడిమినా కదల్లేదు.

ఆత్మకూరు ఆసుపత్రిలో తిరుపాలును, చేజర్ల నుంచి సాయానికి వచ్చిన పెద్దమ్మ దేవకమ్మకు అప్పజెప్పి, ఆ పగిలిన ఫోన్‌ను కొంగులో మూటగట్టుకుని, చెంచులక్ష్మి మిట్టమధ్యాహ్నం ఆ ఊరి బజారులోనే ఉన్న విజయదుర్గ సెల్‌షాపు మెట్లెక్కింది.

* * *

విజయదుర్గ ఫోన్‌ను చేతిలోకి తీసుకోగానే కళ్ళజోడు పైకి తోసి, దాన్ని పక్కకు తిప్పి చూసింది. అత్తగారి బట్టల కొట్టును సగానికి అడ్డం కట్టించి సెల్‌షాపు పెట్టిన మనిషి ఆమె. సిగలో ఎప్పుడూ ఒక సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చి ఉంటుంది.

"దీని కడుపు చూసినావా లక్ష్మీ? బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేపేసింది. దీన్ని జేబులో పెట్టుకుని తిరగడం కూడా తప్పే."

"బాగు చెయ్యలేరా అమ్మా?"

"చెయ్యొచ్చు. అద్దం నెల్లూరు నుంచి రావాల, బ్యాటరీ రావాల. అవి వచ్చేలోపల లోపలుండే బోర్డు పోయిందనుకో, నీ వీడియో దాంతోనే పోతుంది. ఇప్పుడు కొంచెం ప్రాణం ఉండాది. ఈ ప్రాణం ఉన్నప్పుడే కొత్త ఫోన్లోకి దించుకోవాల. అదే తెలివి."

చెంచులక్ష్మి తల ఊపింది. కొత్త ఫోన్ కొనాల్సి వస్తుందని ఆమె ముందే అనుకుంది. మందతో పోకుండా ఇంటి దగ్గర కట్టేసి ఉన్న పొట్టేలును పొద్దున్నే అమ్మి వచ్చింది.

విజయదుర్గ గాజు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టింది.

"ఇది నీ పాతదాని కంపెనీదే, కొత్త మోడల్. నీకు అలవాటైన బొమ్మలన్నీ యాడుండేవి ఆడే ఉంటాయి. ఇది వేరే కంపెనీది. కొన్నాళ్ళు చెయ్యి తిరగదు, తికమకగా ఉంటుంది."

"అలవాటుండేదే ఇయ్యండమ్మా. నేనేమన్నా చదువుకున్నదాన్నా, కొత్తవి నేర్చుకునేదానికి?"

"ఆగు. అలవాటు రెండు వారాల్లో వస్తుంది. నువ్వొచ్చిన పని అది కాదు గదా. ముందు తాళం సంగతి చూసుకో." విజయదుర్గ మొదటి ఫోన్‌ను ఆమె ముందుకు జరిపింది. "ఈ అద్దం మీద బొటనవేలు పెట్టు."

చెంచులక్ష్మి పెట్టింది. ఫోన్ వణికి ఊరుకుంది. తుడిచి పెట్టింది. మళ్ళీ అంతే. మంద కోసం తుమ్మ కొమ్మలు నరికి నరికి, పలుపు తాళ్ళు లాగి లాగి, ఆ వేలి మీద గీతలన్నీ అరిగిపోయి రాయిలా ఉంది.

"రేషన్ కాడ కూడా నా వేలు పడదమ్మా. కంట్లోకి మిషన్ పెట్టి చూసి బియ్యం ఇస్తారు."

"అయితే నీకు వేలు తాళం పనికిరాదు. మొహం తాళం పెట్టుకోవాల. ఆ మొహం తాళాల్లోనే రెండు రకాలు. ఈ మీ కంపెనీదానిలో ముందుండే కెమెరా నీ ఫొటో లాంటిది తీసుకుని పోల్చి చూస్తుంది, అంతే. నువ్వు పడుకోనుంటే నీ మొహానికి ఎదురుగా పెట్టినా తెరుచుకుంటుంది. ఒక్కోసారి మంచి ఫొటో చూపించినా తెరుచుకుంటుంది." ఆమె రెండో ఫోన్ ఎత్తింది. "ఇది అట్టా కాదు. ముక్కు ఎంతెత్తు, చెంప ఎంత లోతు, అంతా కొలుచుకుంటుంది. పైగా కళ్ళు తెరిచి దానివైపు చూస్తేనే తెరుచుకుంటుంది. రెప్ప వేస్తే తెరవదు."

చెంచులక్ష్మి ఆ నల్లటి అద్దంలోకి చూసింది. అందులో ఆమె మొహమే కనిపించింది, నిద్ర లేక లోపలికి పోయిన కళ్ళతో.

"ఎవురన్నా జుట్టు పట్టుకుని, మొహం దీనికి చూపించినారనుకోండి? అప్పుడు?"

విజయదుర్గ ఆ ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. ఫోన్లు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచి కెమెరా ఎట్లా ఉంది, చార్జింగ్ ఎంతసేపు వస్తుంది అని అడిగినవాళ్ళే గాని, ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"అందుకే నంబరు కూడా పెడతాం" అంది. "వేలు పట్టుకోవచ్చు, మొహం పట్టుకోవచ్చు. నంబరు నీ తలకాయలో ఉంటుంది. నువ్వు నోరు తెరిస్తేనే అది బయటికి వస్తుంది."

"అయితే ఇదే ఇయ్యండి. వేరే కంపెనీదే" అంది చెంచులక్ష్మి.

* * *

మొహాన్ని గుండ్రంగా తిప్పమంటే తిప్పింది. నంబరు పెట్టమంటే విజయదుర్గకు కూడా కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నొక్కింది. పాత సిమ్ము కొత్తదాంట్లోకి మారింది. విజయదుర్గ పాత ఫోన్‌కు వైరుతో చిన్న మౌస్ తగిలించి, పగిలిన అద్దంలో మిగిలిన కాస్త వెలుగులోనే బాణం గుర్తును కదిలించి, వీడియోను పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కంప్యూటర్ ఆరింది.

"నాశనం! నెట్టు కూడా పాయె, నీ సిమ్ములో చూస్తే డేటా లేదు. పోలీసులకు ఇప్పుడే పంపిద్దామనుకుంటి." ఆమె విసుక్కుని, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వైరు పెట్టింది. "పర్వాలేదు. దీంట్లో నుంచి దాంట్లోకి దించుతా."

వీడియో కొత్త ఫోన్‌లోకి వచ్చింది. చెంచులక్ష్మి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

తీసినప్పుడు ఆమె చూసింది మొగుణ్ణి మాత్రమే. మిగతావన్నీ కదిలే నీడలు. ఇప్పుడు ఆ పెద్ద అద్దంలో అన్నీ ఉన్నాయి. దొడ్డి కంప. బెదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్న గొర్రెలు. కొండలయ్య చేతిలో గడ్డపార. కింద వెల్లకిలా పడి ఉన్న తిరుపాలు. అతని పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చీలమండల్నీ నేలకేసి అదిమి పట్టుకున్న మనిషి.

గడ్డపార మొదటిసారి దిగినప్పుడు తిరుపాలు ఎగిరిపడ్డాడు. ఆ విదిలింపుకు కాళ్ళు పట్టుకున్నవాడి తువ్వాలు జారింది. వాడు దాన్ని వెంటనే పైకి లాక్కున్నాడు.

చెంచులక్ష్మి వేలితో వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది. వేళ్ళతో పెద్దది చేసింది.

పెంచలప్రసాద్. ఆమె తమ్ముడు.

అమ్మ చనిపోతే, చంకనేసుకుని మంద వెంట తిరిగి సాకిన తమ్ముడు. కలిగిరి వైపు మినుములు తోలే వ్యాను నడుపుతున్నానని చెప్పే తమ్ముడు. నిన్న సాయంత్రం ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, "బావా, ఒక్క ముద్ద తిను బావా" అని ఏడుస్తూ తిరుపాలు నోటికి గంజి అందించిన తమ్ముడు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆ ఫోన్ యాడ బాగు చేయిస్తావక్కా?" అని అడిగిన తమ్ముడు.

"ఎవురు మే అది?" అంది విజయదుర్గ, ఆమె మొహం చూసి.

చెంచులక్ష్మి జవాబు చెప్పేలోపల బయట వ్యాను ఆగిన చప్పుడైంది.

విజయదుర్గ ఆమె చేతిలోని ఫోన్ పక్క బటన్ నొక్కింది. అద్దం నల్లబడింది.

* * *

కొండలయ్య లోపలికి వచ్చాడు. వెనకే పెంచలప్రసాద్. కొండలయ్య తల తిప్పకుండానే "దించురా" అన్నాడు. షట్టర్ గరగరమంటూ కిందికి దిగింది. అడుగున సన్నటి వెలుగు గీత మాత్రం మిగిలింది.

"ఏంది కొండలయ్యా ఇది?" విజయదుర్గ బల్ల వెనక నుంచి లేచింది. "పట్టపగలు, నడిబజార్లో..."

"సావుకారమ్మా, మీతో నాకేం పగ లేదు. ఆ మూలన కూర్చోండి."

"నా షాపులో నువ్వెవురు నన్ను కూర్చోమనేదానికి?"

కొండలయ్య ఆమె ఛాతీ మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. ఆమె వెనక అలమరకు కొట్టుకుని, అట్టపెట్టెలతో పాటు కిందపడింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. అతని రెండో చేతిలో వ్యాను జాకీ రాడ్డు ఉంది.

"ఫోన్ ఇయ్యి" అన్నాడు చెంచులక్ష్మితో.

ఆమె అతన్ని చూడటం లేదు. షట్టర్ దగ్గర తల వంచుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూస్తోంది.

"ఈ షాపుకొస్తానని నేను చెప్పింది నీకొక్కడికే గదరా" అంది.

కొండలయ్య ఆమె చేతిలోంచి కొత్త ఫోన్ లాక్కున్నాడు. "పగలగొట్టేదానికి ఎంతసేపు? ముందు ఎవురెవురికి పంపినావో చూడాల. తెరువు."

"తెరవను."

చెంప మీద పడిన దెబ్బకు ఆమె చెవి గుయ్యిమంది. అతను జుట్టు ముడి చేత్తో చుట్టి పట్టుకుని, తల వెనక్కి వంచి, ఫోన్‌ను మొహానికి ఎదురుగా పెట్టాడు. చెంచులక్ష్మి కళ్ళు మూసుకుంది. ఫోన్ చిన్నగా వణికింది. తెరుచుకోలేదు.

"కళ్ళు తెరువు మే."

ఆమె రెప్పలు ఇంకా గట్టిగా బిగించింది. రెండో దెబ్బ నోటి మీద పడింది. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ఫోన్ మళ్ళీ వణికింది.

"ప్రసాదూ! రారా ఇట్టా. పట్టుకో దీని రెప్పలు. విప్పు."

పెంచలప్రసాద్ కదల్లేదు.

"నీకే చెప్పేది. కాళ్ళు పట్టుకున్నోడివి, రెప్పలు పట్టుకోలేవా?" రాడ్డు గాజు బల్ల అంచున ఠంగుమంది. "ఆ వీడియో బయటికొస్తే నేనొక్కణ్ణే పోతాననుకుంటుండావా?"

అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. చెంచులక్ష్మి కళ్ళు మూసుకునే ఉంది. తమ్ముడి ఊపిరి ఆమె మొహానికి తగిలింది. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. పసితనంలో జ్వరమొస్తే ఆమె మెడలో మొహం దాచుకుని పడుకునేవాడు.

"రారా అబ్బయా" అంది మెల్లగా. "బావ కాళ్ళు పట్టుకున్న చేతులే గదా. నిన్న బావకు గంజి పోసిన చేతులే గదా. పట్టుకో."

అతని వేళ్ళు ఆమె కుడి కంటి మీద పడ్డాయి. బొటనవేలితో పై రెప్పను, చూపుడువేలితో కింది రెప్పను పట్టుకుని విడదీశాడు. గోరు గుచ్చుకుంది. చెంచులక్ష్మి గుడ్డును పైకి తిప్పేసింది. తెల్లగుడ్డు తప్ప ఏమీ కనపడలేదు. దాని మీదికి గోరు గుచ్చుకున్న పై రెప్ప నుంచి రక్తం దిగింది. ఫోన్ వణికి ఇక మొహం అడగడం మానేసింది. అద్దం మీద అంకెలు వచ్చాయి.

"నంబరు అడుగుతుండాది" అన్నాడు పెంచలప్రసాద్. "ఇంకేం చేసినా తెరుచుకోదు కొండలయ్యా. పోదాం పద."

"చెప్తుంది. నువ్వు పక్కకు పో."

కొండలయ్య ఆమె ఎడమ చేతిని గాజు బల్ల మీద పరిచి, మణికట్టును మోచేత్తో అదిమాడు. రాడ్డు లేచి పడింది. గాజు పగిలిన చప్పుడూ, వేళ్ళు విరిగిన చప్పుడూ ఒకటిగా వినిపించాయి. చెంచులక్ష్మి అరుపుకు షట్టర్ కూడా అదిరింది.

"నంబరు!"

"కొట్టరా!" ఆమె నోట్లోని రక్తం ఉమ్మేసింది. "ఆ పొద్దు నా మొగుడు అరవలేదు. అరిస్తే నేను బయటికొస్తానని, నన్ను కూడా చంపుతారని పళ్ళు బిగబట్టుకున్నాడు. నేను బిగబట్టుకోను. బజారంతా వినపడేట్టు అరుస్తా. కొట్టు!"

నిజంగానే అరిచింది. వీధిలో ఎవరో షట్టర్ మీద కొట్టారు. "దుర్గమ్మా! ఏందమ్మా లోపల? దుర్గమ్మా!"

కొండలయ్య కళ్ళు షట్టర్ వైపు తిరిగాయి. ఇక వ్యవధి లేదని అతనికి తెలిసిపోయింది. నంబరు దక్కకపోతే రెండు ఫోన్లూ మిగలకూడదు. కొత్తదాన్ని గోడకేసి విసిరికొట్టాడు. అది తగిలి ఎక్కడో పెట్టెల మధ్య పడింది. తర్వాత పగిలిన బల్ల అంచున వైరుతో పడి ఉన్న పాత ఫోన్ వైపు తిరిగి రాడ్డు ఎత్తాడు.

మూలన పడి ఉన్న విజయదుర్గ చెయ్యి చాపింది. "దాన్ని కొట్టొద్దురా! బ్యాటరీ ఉబ్బుండాది, పేలుతుంది! కొట్టొద్దు!"

ఫోన్‌ను కాపాడుకోవడానికి ఆమె అబద్ధమాడుతోందని అనుకున్నాడు కొండలయ్య. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

బుస్సుమని పాము లేచినట్టు తెల్లటి పొగ లేచింది. వెంటనే మంట. అది ఫోన్‌లోంచి ఒక నాలుకలా బయటికి చిమ్మి, వంగి ఉన్న కొండలయ్య మొహానికి, చొక్కా చేతికి అంటుకుంది. టెర్లిన్ చొక్కా చర్మానికి కరుచుకుంటూ కాలింది. అతను కుడి చేతిని విదిలిస్తూ, ఊళపెడుతూ వెనక్కి పడ్డాడు. పక్కనున్న అట్టపెట్టెలు అంటుకున్నాయి. ఊపిరి పీలిస్తే గొంతు కోసుకుపోయే పొగ గదంతా నిండింది.

చెంచులక్ష్మి మోకాళ్ళ మీద పాకింది. గోడకు ఆనించి ఉన్న, షట్టర్ లాగే ఇనుప కొక్కెం ఆమె కుడి చేతికి తగిలింది. పట్టుకుని లేచింది. కొండలయ్య ఎడమ చేత్తో రాడ్డును వెతుక్కుంటున్నాడు. ఆమె కొక్కేన్ని ఎత్తి అతని భుజం మీద దించింది. వీపు మీద దించింది. మళ్ళీ ఎత్తింది. ఏడవడం లేదు. తిట్టడం లేదు. తుమ్మ కొమ్మ నరికినట్టు, ఒక దెబ్బ తర్వాత ఇంకో దెబ్బ. ఈసారి తలను చూసుకుంది.

వెనక నుంచి విజయదుర్గ నడుము పట్టుకుని లాగింది. "చాలు లక్ష్మీ! చస్తాడు మే! వాడు చస్తే నిన్ను పెడతారు లోపల! చాలు!"

షట్టర్ ఒక్కసారిగా పైకి లేచింది. ఎత్తింది పెంచలప్రసాద్. పారిపోవడానికి ఎత్తాడో, అక్కకు గాలి తగలడానికి ఎత్తాడో, ఆ క్షణాన అతనికే తెలియదు.

* * *

వీధి జనం లోపలికి ఉరికారు. ఇసుక, నీళ్ళు, గోనెసంచులు. ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలియకుండా అందర్నీ రోడ్డు మీదికి తెచ్చి పడేశారు. చెంచులక్ష్మి విజయదుర్గ ఒడిలో తల పెట్టుకుని పడి ఉంది; పొగ మింగిన ఇద్దరికీ దగ్గు ఆగక, కొట్టింది ఎవరో జనానికి చెప్పే వీలే లేకపోయింది. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ చేతి వేళ్ళు రెండు పక్కకు తిరిగి ఉన్నాయి. పక్క కొట్టు మనిషి తన తువ్వాలు చించి కట్టు కట్టాడు.

పెంచలప్రసాద్ పారిపోలేదు. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జనం అతన్ని కూడా షాపుకొచ్చిన గిరాకీ అనుకున్నారు. ఎవరో అతనికి మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

విజయదుర్గ పొగలోకి మళ్ళీ వెళ్ళి, పెట్టెల కింద నుంచి కొత్త ఫోన్ వెతికి తెచ్చింది. మూల చిట్లింది గాని వెలుగుతోంది. దాన్ని చెంచులక్ష్మి చేతిలో పెట్టింది.

అప్పుడు కదిలాడు తమ్ముడు. దగ్గరికి జరిగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"అక్కా... నా మొఖం కనపడే కాడ తీసేయక్కా. ఈ ఫోన్లలో ఎంత కావాలంటే అంత కత్తిరించొచ్చు. మిగతాదంతా ఇయ్యి. కొండలయ్య పోనీ. నేనే సాక్ష్యం చెప్తా."

"ఎందుకు పట్టుకున్నావురా కాళ్ళు?"

"గొర్రెలు తోలుకునేదే అన్నాడక్కా. ఎవుర్నీ కొట్టం అన్నాడు. నీ మంద అని ఆడికి పోయిందాకా నాకు తెల్దు. బావ లేచొస్తే... పట్టుకోకపోతే నన్నేసేస్తానన్నాడు."

"మందను చూసినాక తెల్సింది గదా. బావను చూసినాక తెల్సింది గదా." ఆమె గొంతు రాపిడిగా ఉంది. "ఈ పొద్దు కూడా తెల్సింది గదా, రెప్పలు ఎవురివో."

"నన్ను సాకినావక్కా నువ్వు."

"సాకినాను. అందుకే ఇంకొకరి నోటితో చెప్పించను. నేనే చెప్తా."

జనాన్ని తోసుకుంటూ ఇద్దరు పోలీసులు వచ్చారు. చెంచులక్ష్మి ఫోన్‌ను మొహానికి ఎదురుగా పెట్టుకుంది. వాచి, రక్తం గడ్డకట్టిన ఆ మొహాన్ని ఫోన్ గుర్తుపట్టలేదు. ఆమె కుడి చేతి వేలితో ఒక్కొక్క అంకె నొక్కింది. వీడియో పెట్టి, ఆ మొబైల్‌ను వాళ్ళకు చూపించింది.

"సార్, గడ్డపార పట్టుకున్నోడు కొండలయ్య. చూడండి, మొఖం బాగా కనపడతుండాది. కాళ్ళు పట్టుకున్నోడు నా తమ్ముడు, పెంచలప్రసాద్. ఈడే కూర్చోనుండాడు."

మెట్ల దగ్గర గుమిగూడిన జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. నీళ్ళు ఇచ్చిన మనిషి చెంబు వెనక్కి లాక్కున్నాడు. పెంచలప్రసాద్ లేవకుండానే రెండు చేతులూ ముందుకు చాపాడు. అక్క వైపు చూడలేదు. ఆమె మాత్రం అతన్నే చూసింది, కానిస్టేబుల్ లేవదీసి నిలబెట్టేదాకా, వాచిన కంట్లోంచి నీళ్ళూ రక్తమూ కలిసి కారుతుంటే తుడుచుకోకుండా చూసింది.

తర్వాత ఆమె తల తిప్పి రోడ్డు మీద అటూ ఇటూ వెతికింది.

"కొండలయ్య యాడ?"

కాలిన అట్టపెట్టెల మీద నీళ్ళు పోస్తున్న ఒక ముసలాయన చెప్పాడు.

"మొఖం, చెయ్యి కాలిన మనిషా అమ్మా? పాపం, అందరికంటే ఆయనకే బాగా తగిలింది. ముందు ఆయన్నే ఎక్కించినాం. డేవిడ్‌రాజు ఆటోలో ఎప్పుడో పోయినాడు."

"యాడికి?"

"ఆసుపత్రికే తల్లీ. ఇంకెక్కడికి?"

ఆత్మకూరులో కాలిన మనిషిని తీసుకుపోయేది, కాళ్ళు విరిగిన మనిషి పడుకుని ఉన్న చోటికే. ఆమె పోలీసు చేతిలోంచి ఫోన్ లాక్కుంది. దేవకమ్మ నంబరు వెతికి నొక్కింది. మోగుతోంది. మోగుతూనే ఉంది.

"ఎవురూ?" అంది దేవకమ్మ. వెనక కుళాయి పారుతున్న చప్పుడు.

"పెద్దమ్మా, నేనూ! తిరుపాలు ఎట్టుండాడు?"

"బాగుండాడు మే. ఇంతకుముందే కునుకు తీసినాడు. పక్క మంచానికి ఇంకో మనిషొచ్చినాడు. పాపం, యాడో కాల్చుకున్నాడంట, మొఖానికంతా తెల్లటి కట్టు కట్టినారు. మన తిరుపాలు బాగా తెలుసంట ఆయనకు. దప్పికైతుండాది, మంచినీళ్ళు పట్టుకురా అవ్వా అంటే వచ్చినా."

"నీళ్ళొద్దు! పెద్దమ్మా, బాటిల్ ఆడ పడేసి పరిగెత్తు! గదిలోకి పో! వాణ్ణి తిరుపాలు దగ్గరికి పోనియ్యొద్దు!"

"ఏంది మే, ఎందుకట్టా అరుస్తుండావు? పోతుండా, పోతుండా." చెప్పుల చప్పుడు, ఆయాసం. తర్వాత చేత్తో తట్టిన చప్పుడు. మళ్ళీ తట్టిన చప్పుడు, ఈసారి గట్టిగా.

"అబ్బయా... తలుపు తియ్యి అబ్బయా!" దేవకమ్మ గొంతు మారిపోయింది. "లక్ష్మీ... లోపల గడి పెట్టుండాడే!"